చీకటి పెట్టెలో కూడా కీచురాయికి సాయంత్రం ఎట్టా తెలుస్తుంది? పురుగుల ఒంటి గడియారం మీద ప్రయోగం

పెన్నాతీరం:
అందరికీ నమస్కారం. కావలి వైపు డిగ్రీ కాలేజీలో జువాలజీ రెండో సంవత్సరం పిల్లలకి పురుగుల జీవగడియారం మీద ప్రాజెక్టు పెడుతున్నాం. చేతిలో ఉన్నది ఒక గది, నాలుగు వారాల టైము, నాలుగైదు వేల రూపాయలు. నాలుగు సంగతులు తెలియాలి.
ఏ పురుగుని తీసుకుంటే మంచిది? పగలు పడుకుంది, రాత్రి తిరిగింది అని పట్టిక రాస్తే గడియారం ఉందని చూపించినట్టేనా? మధ్యలో కరెంటు పోతే ప్రయోగం పోయినట్టేనా? ఫోను కెమెరాతో పని జరుగుతుందా?

గుండ్లకమ్మ:
మీ రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను సార్, మిగతా మూడూ దాన్ని బట్టే ఉంటాయి. చూపించినట్టు కాదు.
దీపం ఆరగానే బొద్దింక బయటికొచ్చింది, వెలగగానే సందులోకి దూరింది. ఇది వెలుతురుకి ఒళ్ళు నేరుగా స్పందించడం. దీన్ని మాస్కింగ్ అంటారు. లోపల గడియారం లేని పురుగు కూడా ఇట్టాగే చేస్తుంది. గడియారం ఉందనాలంటే వెలుతురు గానీ వేడి గానీ మారని చోట పెట్టినా ఆ పురుగు సుమారు 24 గంటలకొకసారి అదే పని మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ సొంత నడక సరిగ్గా 24 గంటలు ఉండదు, కొంచెం అటో ఇటో ఉంటుంది. ఆ తేడానే మీకు పెద్ద సాక్ష్యం. బయట నుంచి ఏదో శబ్దమో వేడో దానికి టైము చెప్తుంటే రోజూ సరిగ్గా 24 గంటలకే లేవాలి గదా. పావుగంట ముందుకో వెనక్కో జరుగుతూ పోతోందంటే టైము లోపలి నుంచి వస్తోందని అర్థం.
ఆ నడక ఒంట్లో రాసి ఉందని తేల్చింది 1971లో. కాలిఫోర్నియాలో రొనాల్డ్ కొనోప్కా, సీమోర్ బెంజర్ అరటిపండ్ల మీద మూగే డ్రోసోఫిలా అనే చిన్న ఈగల్లో మూడు రకాల మార్పులు పట్టుకున్నారు. ఒక రకానికి రోజు 19 గంటలు, ఇంకోదానికి 28 గంటలు, మూడోదానికి వేళాపాళా లేదు. మూడు మార్పులూ ఎక్స్ క్రోమోజోము మీద ఒకే చోట ఉన్నాయి. ఆ జన్యువుకి పీరియడ్ అని పేరు పెట్టారు. పిల్లలకి ఇది చెప్పండి. 'అలవాటు' అనే మాట అక్కడితో తెగిపోతుంది.

ఇలకోడి:
మొదటి ప్రశ్నకి నా ఓటు కీచురాయికే. డ్రోసోఫిలాకి గాజు గొట్టాలు, ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లు కావాలి. కీచురాయి మగది అరుస్తుంది కాబట్టి ఫోను మైకు చాలు. పొలం గట్ల మీద దొరికే నల్ల కీచురాయి, రెక్కల మొదట్లో రెండు పసుపు మచ్చలుంటాయే, అది తీసుకోండి. గ్రిల్లస్ బైమాక్యులేటస్ అంటారు. గడియారం పరిశోధనలో బాగా నలిగిన పురుగు అది.
పట్టేటప్పుడు తోక చివర చూడండి. రెండు పుల్లలే ఉంటే మగది. వాటి మధ్య సూదిలా మూడో పుల్ల పొడుగ్గా ఉంటే ఆడది, అది గుడ్లు పెట్టే గొట్టం. ఆడది అరవదు.
డబ్బాకి ఒకటే పెట్టాలి. రెండు మగవి పెడితే కొట్టుకుని కాళ్ళు ఊడగొట్టుకుంటాయి. పైగా ఒకటి అరిస్తే రెండోది అందుకుంటుంది, ఎవరి గడియారం ఏదో తేల్చలేరు. ఒక గదిలో ఎనిమిది డబ్బాలు పెట్టినా ఇదే గొడవ వస్తుంది. పాట వినపడకుండా ఒక్కో డబ్బాకి దళసరి థర్మోకోల్ తొడుగు వెయ్యండి. లేదా పాట వదిలేసి నడకనే కొలవండి.
అరలీటరు ప్లాస్టిక్ డబ్బా, అడుగున కోడిగుడ్ల అట్ట ముక్క, ఒక మూల పొడి కోళ్ళ దాణా రెండు చెంచాలు. నీళ్ళకి చిన్న సీసా మూతికి దూది బిరడా పెట్టి ఒరిగించి ఉంచండి. పది రోజులకి సరిపోయేంత ఒక్కసారే పెట్టాలి. క్యాబేజీ ముక్క వెయ్యొద్దు, మూడో రోజుకి కుళ్ళి బూజు పడుతుంది.
ఇక ఎక్కువమంది దెబ్బతినే చోటు. ఈ కీచురాయి పిల్లగా ఉన్నప్పుడు పగలు తిరుగుతుంది. ఆఖరి కుబుసం విడిచి రెక్కలొచ్చాక నాలుగైదు రోజుల్లో రాత్రి జీవి అయిపోతుంది. ఆ మధ్య రోజుల్లో రికార్డు చేస్తే నడక తలకిందులవుతూ కనపడుతుంది, మీ పిల్లలేమో పెట్టెలో వెలుతురు లీకైందనుకుంటారు. కుబుసం విడిచిన తేదీ డబ్బా మీద రాసి, పదో రోజు తర్వాతే లెక్కలోకి తీసుకోండి.

రాగితీగ:
పెట్టె సంగతి నేను చెప్తాను. నెల్లూరు జిల్లాలో రొయ్యలకి వాడే తెల్ల థర్మోకోల్ ఐసు పెట్టెకి కొదవలేదు. కడిగి ఎండబెట్టిన పాతది చాలు. వేడి బాగా ఆపుతుంది. కానీ వెలుతురు ఆపదు. లోపల టార్చి వెలిగించి మూత పెట్టి, గది మొత్తం చీకటి చేసి పది నిమిషాలు కూర్చోండి. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక పెట్టె మొత్తం లాంతరులా మెరుస్తూ కనిపిస్తుంది. అంటే బయటి వెలుతురు కూడా అంతే సులువుగా లోపలికి పోతుంది. లోపలా బయటా మందపాటి నల్ల ప్లాస్టిక్ షీటు రెండు పొరలు వేసి, మూత అంచుకి నల్ల ఫోము పట్టీ అంటించండి. మళ్ళీ అదే పరీక్ష చెయ్యండి. సూది బెజ్జమంత చుక్క కనపడినా నల్ల టేపు వేసెయ్యాలి.
గాలికి 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను. దాన్ని నేరుగా బెజ్జానికి బిగించొద్దు. లోపల నల్లరంగు వేసిన పీవీసీ ఎల్బోలు రెండు ఒకదానికొకటి తిప్పి పెడితే గాలి వస్తుంది, వెలుతురు మలుపు తిరగలేదు.
దీపానికి తెల్ల ఎల్ఈడీ పట్టీ ఒక అడుగు చాలు. అదే మీకు ఇంకో మోసం చేస్తుంది. దీపం వెలిగినంతసేపూ మూసిన పెట్టెలో వేడి రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది. అప్పుడు పురుగు వెలుతురు చూసి నడుస్తోందా, వేడి చూసి నడుస్తోందా అన్నది తేలదు. ఎల్ఈడీని అల్యూమినియం పట్టీకి అంటించి, ఆ పట్టీని పెట్టె బయటికి లాగండి. వేడి కొలిచే డీఎస్18బీ20 సెన్సారు ఒకటి లోపల వేలాడదీసి ప్రతి ఐదు నిమిషాలకీ వేడి రాసుకోండి. అది అరడిగ్రీ అటూ ఇటూ చూపిస్తుంది, మీ పనికి చాలు.
ఆ అంకెలు రాసుకునే ఆర్డ్యునో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుని పెట్టె లోపల పెడితే దాని మీద వెలిగే చిన్న దీపానికి నల్ల టేపు వెయ్యండి. అడాప్టరు దీపానికీ, కెమెరా దీపానికీ అంతే.

గుండ్లకమ్మ:
రాగితీగ చెప్పిన ఆఖరి మాట చిన్నదిగా కనపడుతుంది, నిజానికి ఎక్కువ ప్రయోగాలు అక్కడే పోతాయి. డ్రోసోఫిలాలో గడియారం కణాల్లోనే క్రిప్టోక్రోమ్ అనే ప్రొటీను ఉంటుంది, అది నీలం వెలుతురుని పట్టుకుంటుంది. కళ్ళతో పని లేకుండానే పట్టుకుంటుంది. బోర్డు మీద నీలం చుక్క రాత్రంతా వెలిగితే మీరు చీకటి అనుకున్నది ఈగకి చీకటి కాదు. ఎప్పుడూ వెలుతురే ఉంటే ఆ ఈగ వేళాపాళా మొత్తం పోగొట్టుకుంటుంది.

పెన్నాతీరం:
చాలా సంతోషం. ఇద్దరు పిల్లలు మాత్రం డ్రోసోఫిలాతోనే చేస్తామంటున్నారు, నోబెల్ వచ్చింది దానికే గదా అని. అది చెయ్యగలిగిన పనేనా? లోపల ఏం జరుగుతుందో కూడా రెండు ముక్కల్లో చెప్తే బోర్డు మీద వేస్తాను.

గుండ్లకమ్మ:
చెయ్యొచ్చు. లోపలి సంగతి ముందు.
క్లాక్, సైకిల్ అనే రెండు ప్రొటీన్లు కలిసి పీరియడ్, టైమ్‌లెస్ జన్యువుల్ని నడిపిస్తాయి. సాయంత్రం వేళకి ఆ రెండింటి ఆర్ఎన్ఏ పేరుకుంటుంది. ప్రొటీను పేరుకోవడం మాత్రం కొన్ని గంటలు ఆలస్యం. డబుల్‌టైమ్ అనే ఎంజైము పీరియడ్ ప్రొటీను మీద ఫాస్ఫేటు అంటించి దాన్ని అరగదీస్తూ ఉంటుంది, టైమ్‌లెస్ వచ్చి జత కట్టాకే అది నిలబడుతుంది. ఆ జత అర్ధరాత్రి దాటే వేళకి కేంద్రకంలోకి పోయి క్లాక్, సైకిల్ నోరు నొక్కేస్తుంది. అంటే తనని పుట్టించినవాటినే ఆపుతుంది. తెల్లారి వెలుతురు పడగానే క్రిప్టోక్రోమ్ టైమ్‌లెస్‌ని కూల్చేస్తుంది, తోడు పోయిన పీరియడ్ కూడా కరిగిపోతుంది, మళ్ళీ మొదలు. ఈ ఆలస్యం లేకపోతే గడియారమే లేదు. పుట్టిన వెంటనే ఆపేస్తే అంతా ఒక మట్టం దగ్గర నిలిచిపోతుంది, ఊగదు. బోర్డు మీద వేసేటప్పుడు ఆ ఆలస్యం దగ్గర పెద్ద బాణం గుర్తు వెయ్యండి. జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్ ముగ్గురికీ 2017లో నోబెల్ వచ్చింది ఈ పని మీదే.
ఇక చేతిపని. గొట్టం 5 మి.మీ. లావు, 65 మి.మీ. పొడవు. 100 మి.లీ. నీళ్ళకి 2 గ్రాముల అగార్, 5 గ్రాముల పంచదార వేసి కాచి, వేడిగా ఉండగానే గొట్టం ఒక చివర రెండు సెంటీమీటర్లు ఎక్కించి, గడ్డకట్టాక ఆ చివర మైనంలో ముంచండి. మైనం సరిగా మూయకపోతే నాలుగో రోజుకి అగార్ ఎండి బిరడాలా జారుతుంది, ఈగ దాహంతో చస్తుంది. చచ్చే ముందు రోజు అది విపరీతంగా తిరుగుతుంది, ఆ తిరుగుడు చూసి లయ అనుకోకండి. రెండో చివర దూది.
మగ ఈగలే పెట్టండి, వయసు మూడు నుంచి ఐదు రోజులు. ఆడది గుడ్లు పెడితే పిల్లపురుగులు తిండిని తవ్వి బురద చేస్తాయి. మత్తుకి ఈథర్ వద్దు. గొట్టాన్ని ఐసులో రెండు మూడు నిమిషాలు ఉంచితే ఈగ కదలదు. మొదటి రోజు లెక్క వదిలెయ్యండి.
అరటిపండు పెట్టి పట్టిన ఈగలన్నీ ల్యాబుల్లో వాడే డ్రోసోఫిలా మెలనోగాస్టర్ జాతివి కావు. వీపు మీద పొడుగునా తెల్ల చారలుంటే జాప్రియోనస్, తీసి పక్కన పెట్టండి. అననాసే జాతి కూడా మనవైపు బాగా ఉంటుంది. పేరున్న ల్యాబు నుంచి తెచ్చిన స్టాకు అయితే ఈ తలనొప్పి లేదు.
25 డిగ్రీలు ఉండాలి. రోహిణి కార్తెలో మన గదుల్లో ఇది పెట్టొద్దు, 30 దాటితే మగ ఈగలు గొడ్డుబోతాయి, స్టాకే నిలవదు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మంచి అదను.

రాగితీగ:
> ఫోను కెమెరాతో పని జరుగుతుందా?
మామూలు ఫోను జరగదు, దాని కెమెరా ముందు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే గాజు ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి ఆ గాజు లేని నోఐఆర్ కెమెరా దొరుకుతుంది. కింద 850 నానోమీటర్ల ఎల్ఈడీలు, పైన తెల్ల కాగితం పరిచి, దాని మీద గొట్టాలు వరసగా పేర్చండి. 850 మనకి మసక ఎరుపుగా కనపడుతుంది, పురుగుకి కనపడదు. ఇంకా అనుమానమైతే 940 కొనండి, బొమ్మ కొంచెం మసగ్గా వస్తుంది. నిమిషానికి ఒక బొమ్మ. పక్కపక్క బొమ్మల్ని తీసివేస్తే కదిలినవే మిగుల్తాయి. ఒక రోజుకి గొట్టానికి 1440 అంకెలు, వాటిని అరగంటకొకటి చొప్పున కలిపితే 48.

తేనెపట్టు:
పెట్టెలూ బోర్డులూ లేకుండా చేసే ప్రయోగం ఒకటుంది, తేనెటీగలది. కాలేజీ చుట్టుపక్కల పుట్ట తేనెటీగ గూడు ఉంటే సరిపోతుంది.
లీటరు నీళ్ళలో పంచదార 340 గ్రాములు. తిండి బాగా దొరికే పూత కాలం కాకుండా చూడండి, లేకపోతే మీ గిన్నె వైపు తిరిగి చూడవు. మొదట గూటి దగ్గరే గిన్నె పెట్టి, రోజుకి కొంచెం చొప్పున జరుపుతూ యాభై మీటర్లు తీసుకెళ్ళండి. వచ్చిన ఈగ తాగుతుండగా వీపు మీద ఎనామిల్ రంగు చుక్క పెట్టండి, పెయింటు కుంచె కాదు, అగ్గిపుల్ల మొనతో. రెక్కల కీలు మీద పడితే ఎగరలేదు. ఇరవై ఈగలకి గుర్తులు చాలు. ఆరు రోజులు ఉదయం 9 నుంచి 10 దాకా మాత్రమే తీపి, మిగతా టైములో గిన్నె తీసి కడిగెయ్యాలి. ఏడో రోజు ఖాళీ గిన్నె పెట్టి పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా పావుగంటకొకసారి గుర్తున్న ఈగల్ని లెక్కపెట్టండి. తొమ్మిదికి కొంచెం ముందే రావడం మొదలవుతుంది.
ఇది 1929లో ఇంగెబోర్గ్ బేలింగ్ జర్మనీలో చేసిన పని. 24 గంటలకొకసారి పెడితే నేర్చుకున్నాయి, 19 గంటలకొకసారి పెడితే నేర్చుకోలేదు. అదే అసలు సంగతి. లెక్క నేర్చుకునేవైతే 19 కూడా నేర్చుకోవాలి గదా.

గుండ్లకమ్మ:
మంచి ప్రయోగం, పిల్లలకి బాగా నచ్చుతుంది కూడా. కానీ బయట చేసినంతకాలం పొద్దుని చూసి వచ్చాయని ఎవరైనా అంటే జవాబుండదు. అందుకే 1955లో మాక్స్ రెన్నర్ మూసిన గదిలో పారిస్‌లో నేర్పిన ఈగల్ని విమానంలో న్యూయార్క్ తీసుకెళ్ళి మళ్ళీ మూసిన గదిలోనే పెట్టాడు. అవి పారిస్ టైముకే, అంటే ఆఖరిసారి తిన్న 24 గంటల తర్వాతే గిన్నె దగ్గరికి వచ్చాయి. మీ పిల్లల నివేదికలో ఈ తేడా ఒక పేరా రాయించండి.
తేనెటీగ గురించి ఇంకో ముక్క. దాంట్లో డ్రోసోఫిలా రకం టైమ్‌లెస్ లేదు, నీలం వెలుతురు పట్టే క్రిప్టోక్రోమ్ కూడా లేదు. మనలాంటి జంతువుల్లో ఉండే రకం క్రిప్టోక్రోమ్ ఉంది. గడియారం ఒకటే, పళ్ళ చక్రాలు వేరు. గూట్లో పిల్లల్ని సాకే చిన్న వయసు ఈగలు రాత్రీ పగలూ తేడా లేకుండా పనిచేస్తాయి, మేతకి పోయే వయసొచ్చాకే లయ గట్టిపడుతుంది. కాబట్టి గుర్తులు పెట్టేది గిన్నె దగ్గరికొచ్చిన ఈగలకే, గూటి లోపలివాటికి కాదు.

ఉలవపాడు తోట:
రైతుల వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే ఈ వేళలు తెలియక మందు వృథా అవుతోంది.
మామిడిలో మేం పండు ఈగ అనేది వీళ్ళు చెప్పే డ్రోసోఫిలా కాదు, బ్యాక్ట్రోసెరా డోర్సాలిస్. అది జతకట్టేది పొద్దు గూకే వేళ. మగ ఈగ మిథైల్ యూజినాల్ అనే వాసన మందు పెట్టిన బుట్టకి ఎక్కువగా వచ్చేది ఉదయం పూట. ఒకే ఈగ, రెండు పనులకి రెండు వేళలు. బుట్టలో మందు దూది మార్చేది సాయంత్రమైతే మర్నాడు ఉదయానికి వాసన సిద్ధంగా ఉంటుంది.
పత్తిలో గులాబీ రంగు పురుగు రెక్కలపురుగు తెల్లవారుజాము వైపు జతకడుతుంది. రాత్రి పదింటికి దీపపు ఎర దగ్గర నిలబడి ఏమీ రాలేదని వెళ్ళిపోతే తప్పు లెక్కే. లింగాకర్షక బుట్టలు రాత్రంతా ఉంటాయి కాబట్టి పొద్దున చూసి లెక్కపెట్టాలి. వరసగా మూడు రాత్రులు బుట్టకి ఎనిమిది చొప్పున పడితే మందు ఆలోచించాలి.
పూత వేళలు కూడా పురుగుల వేళల్ని నడిపిస్తాయి. గుమ్మడి, దోస, కాకర తెల్లారి విచ్చుకుంటాయి, తేనెటీగలు అప్పుడే వాలతాయి, మధ్యాహ్నానికి పని అయిపోతుంది. బీర, సొర సాయంత్రం విచ్చుకుంటాయి. సాయంత్రం మందు కొట్టండి అనే ఒకే సలహా అన్ని పాదులకీ పనికిరాదు. నువ్వు పూత పొద్దు పొడిచే వేళ. తేనెటీగల్ని కాపాడాలంటే పూతలో ఉన్న పంటకి వాటి వేళ దాటాకే కొట్టాలి, ఆ వేళ పంటని బట్టి మారుతుంది.

ఇలకోడి:
కత్తెర పురుగు కూడా చెప్పన్నా. 2018లో మన దేశానికొచ్చి మొక్కజొన్నని పట్టుకుంది. దాని సొంత అమెరికాలో దానికి మొక్కజొన్న రకం, వరి రకం అని రెండు తెగలున్నాయి. చూడటానికి తేడా లేదు, కానీ ఒకటి రాత్రి తొలిజాములో జతకడుతుంది, రెండోది మలిజాములో. ఒకే చోట ఉన్నా పెద్దగా కలవకుండా వేళే గోడ కట్టింది. గడియారం వల్ల ఒక జాతి రెండుగా చీలే దారి ఇది. నాకు ఈ విషయంలో ఇంతకంటే ఆశ్చర్యమైనది లేదు.

గుండ్లకమ్మ:
తోట గారు చెప్పినవన్నీ పనికొచ్చేవే. ఒక్క జాగ్రత్త. దీపపు ఎరలో పడ్డ లెక్కని గడియారం లెక్కగా రాయకండి. పున్నమి రాత్రి ఎర మసకబారి తక్కువ పడతాయి, గాలి వీస్తే తక్కువ పడతాయి, తుంపర పడితే ఇంకో రకం. పురుగు ఎగరలేదా, ఎర దాన్ని లాగలేకపోయిందా అన్నది ఆ అంకె చెప్పదు.

దోమతెర:
ఊళ్ళల్లో ఆరోగ్య కార్యకర్తలకి ఈ వేళలే ముఖ్యం కాబట్టి ఒక పేరా రాస్తాను.
డెంగీ మోసే ఏడిస్ పగలు కుడుతుంది. పొద్దు పొడిచాక కాసేపు, మళ్ళీ పొద్దు గూకే ముందు కాసేపు ఎక్కువ. రాత్రికి మాత్రం తెర కట్టి, మధ్యాహ్నం పసిపిల్లని ఉయ్యాల్లో తెర లేకుండా పడుకోబెడితే దానికి ఎదురుపడ్డట్టే. మలేరియా మోసే అనాఫిలిస్, బోదకాలు మోసే క్యూలెక్స్ రాత్రి దోమలు, క్యూలెక్స్ నడిరాత్రి చుట్టూ ఎక్కువ.
బోదకాలు పురుగు పిల్లలు మనిషి నెత్తుట్లో రాత్రి పది నుంచి రెండు మధ్య పైకొస్తాయి, పగలు ఊపిరితిత్తుల దగ్గర దాక్కుంటాయి. అందుకే నెత్తురు చుక్క తీసేది రాత్రిపూట. పగలు తీస్తే ఉన్నా లేనట్టే కనపడుతుంది. దోమ కుట్టే వేళకే ఈ పిల్లలు పైకి రావడం ఎంత పొందికో చూడండి. రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయే మనిషిలో ఆ వేళ తిరగబడొచ్చు, ఆ సంగతి అడగకుండా చుక్క తీయొద్దు.

పెన్నాతీరం:
పిల్లలు రెండు ప్రశ్నలడిగారు. పెట్టెలో దీపం ఉదయం 6కి వేసి సాయంత్రం 6కి తీస్తే బయటి పొద్దుతో కలుస్తుందా? పెట్టె మూసి ఉన్నా, కాలేజీ గంట, మనుషుల అడుగులు విని అవి టైము పట్టుకోవని నమ్మకమేంటి?

గుండ్లకమ్మ:
మొదటిది. సరిగ్గా కలవదు, కలవక్కర్లేదు. నెల్లూరు 80 డిగ్రీల రేఖాంశానికి దగ్గర, మన గడియారం నడిచేది 82.5 మీద. అందుకని పొద్దు నడినెత్తికి వచ్చేది సగటున 12 గంటల 10 నిమిషాలకి. జూన్ నడుమ పొద్దు పొడిచేది సుమారు 5:43కి, గూకేది 6:41కి. డిసెంబరు 21 దరిదాపుల్లో 6:30కి పొడిచి 5:46కి గూకుతుంది. అత్యంత పొడుగు పగటికీ పొట్టి పగటికీ తేడా గంటా నలభై నిమిషాలే. పెట్టెలో మీ పొద్దు మీరే. కానీ బయట చూసిన పురుగు వేళ రాసేటప్పుడు గడియారం అంకెతో పాటు 'పొద్దు గూకాక ఇన్ని నిమిషాలకి' అని కూడా రాయించండి. నవంబరు మొదట్లో పొద్దు 5:41కే గూకుతుంది. జూన్‌లో ఏడింటికి మొదలైన పాట నవంబరులో ఆరింటికే వినపడితే పురుగు మారలేదు, పొద్దు మారింది.
రెండోది చాలా మంచి ప్రశ్న, అడిగిన పిల్లకి నా అభినందనలు. రెండు పెట్టెలు చెయ్యండి. ఒకే గదిలో, ఒకే బల్ల మీద పక్కపక్కన. మొదటి పెట్టెలో దీపం ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా. రెండో పెట్టెలో సాయంత్రం 6 నుంచి ఉదయం 6 దాకా. ఏడు రోజులు అట్టా నడిపి, తర్వాత రెండింట్లోనూ దీపం మళ్ళీ వెయ్యకండి. గంట మోత విని నడిచేవైతే చీకట్లో రెండు పెట్టెల పురుగులూ ఒకే వేళకి లేవాలి. ఒంటి గడియారమైతే మొదటి పెట్టెవి సాయంత్రం, రెండో పెట్టెవి ఉదయం లేస్తాయి, రోజుల తరబడి ఆ పన్నెండు గంటల ఎడం అట్టాగే నిలుస్తుంది. పెట్టెకి ఎనిమిది పురుగులకి తగ్గకుండా, డబ్బాకి ఒకటి చొప్పున పెట్టండి. ప్రాజెక్టు మొత్తంలో ఒక్కటే చెయ్యగలిగితే ఇదే చెయ్యండి.

రాగితీగ:
టైమర్ కొనేటప్పుడు చక్రం తిరిగే చవకరకం కొనొద్దు సార్. కరెంటు పోయిన రెండు గంటలూ దాని చక్రం ఆగిపోతుంది, వచ్చాక ఆగిన చోటు నుంచే తిరుగుతుంది. అంటే మీ పొద్దు రెండు గంటలు జరిగిపోయింది, చూసేవాళ్ళకి తెలియదు. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకోండి. ఎల్ఈడీ, ఫ్యాను, బోర్డు మూడూ 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ మీద పెడితే మామూలు కోతలు దాటేస్తాయి.

గుండ్లకమ్మ:
కరెంటు గురించి ఒక భయం తీసేస్తాను. చీకటి రోజుల్లో కరెంటు పోతే పురుగుకి తెలిసేది వేడి మార్పే. పాడుచేసేది ఏమైందోనని టార్చి వేసుకుని మూత తీసే మనిషి. డ్రోసోఫిలాకి రాత్రి మొదలైన మూడో గంటలో పది నిమిషాలు వెలుతురు పడితే గడియారం మూడు గంటల పైన వెనక్కి పోతుంది. తొమ్మిదో గంటలో పడితే సుమారు రెండు గంటలు ముందుకి వస్తుంది. సాయంత్రం పడిన వెలుతురుని 'ఇంకా పొద్దు గూకలేదు' అనీ, తెల్లవారుజామున పడినదాన్ని 'అప్పుడే తెల్లారింది' అనీ చదువుకుంటుందన్నమాట. పట్టికలో ఒక రోజు నుంచి గీత హఠాత్తుగా పక్కకి దూకితే, ఆ రాత్రి గదిలోకి ఎవరొచ్చారో అడగండి.
అంతగా చూడాల్సొస్తే ఎర్ర టార్చి, అది కూడా రెండు మూడు పొరల ఎర్ర సెల్లోఫేను చుట్టి. రోజూ ఒకే టైముకి మాత్రం చూడొద్దు, మీరు తలుపు తీసే వేళే దానికి పొద్దవుతుంది.

పెన్నాతీరం:
చివరగా లెక్క తీసే పద్ధతి. సాఫ్ట్‌వేర్ లేకుండా గ్రాఫు కాగితం మీద చెయ్యొచ్చా?

ఇలకోడి:
కాగితం మీదే ముందు చెయ్యాలి. అడ్డంగా 48 గంటలు, అరగంటకి ఒక గడి. మొదటి వరసలో ఒకటో రోజు, దాని పక్కన రెండో రోజు. కింది వరసలో రెండో రోజు, పక్కన మూడో రోజు. ఇట్టా రెండుసార్లు గీస్తే అర్ధరాత్రి దాటి జరిగే నడక తెగకుండా కనపడుతుంది. కదిలిన అరగంటల గళ్ళు నల్లగా నింపండి. కదలిక మొదలైన చోట్లని స్కేలుతో ఒక గీత మీదికి తెండి.
ఉదాహరణకి చీకటి మొదటి రోజు సాయంత్రం 6:00కి లేచింది, ఏడో రోజు 4:30కి లేచింది అనుకుందాం. ఆరు తిరుగుళ్ళలో 90 నిమిషాలు ముందుకొచ్చింది, రోజుకి 15. అంటే దాని రోజు 23 గంటల 45 నిమిషాలు. ఆరింటిని ఏడు అనుకుని భాగించడం పిల్లలు చేసే మామూలు పొరపాటు, రోజులు కాదు రోజుల మధ్య ఖాళీలు లెక్కపెట్టమనండి.

గుండ్లకమ్మ:
టైము మిగిలితే ఇంకో పెట్టెని 20 డిగ్రీల దగ్గర నడపండి. మామూలు రసాయన చర్య వేగం పది డిగ్రీలు తగ్గితే సగానికో ఇంకా కిందికో పడిపోతుంది. గడియారం అట్టా పడిపోతే 28 డిగ్రీల్లో 24 గంటల రోజున్న పురుగుకి 20లో నలభై గంటల రోజు రావాలి. రాదు, మళ్ళీ 24 దరిదాపుల్లోనే ఉంటుంది. 1954లోనే పిట్టెండ్రిగ్ అనే శాస్త్రవేత్త డ్రోసోఫిలా ఈగలు గూడు చీల్చుకుని బయటికొచ్చే వేళల మీద దీన్ని చూపించాడు. ఒంటి వేడి సొంతంగా లేని పురుగుకి ఇది లేకపోతే ఎండలో గడియారం పరిగెత్తి, వానలో నత్తనడక నడిచేది.
అయితే వేడికి రోజు పొడవు మారదు గానీ రోజులో పని వేళ మారుతుంది. ఎండ ముదిరితే డ్రోసోఫిలా మధ్యాహ్నం నిద్ర పొడిగించి, సాయంత్రం తిరుగుడుని రాత్రి వైపు జరుపుతుంది. పీరియడ్ జన్యువు చివర ఉన్న ఒక ఇంట్రాన్ (ఆర్ఎన్ఏ నుంచి కత్తిరించి తీసేసే ముక్క) చలికి ఎక్కువగా, వేడికి తక్కువగా కత్తిరించబడటం దీనికి ఒక కారణం. బెంగళూరులోని జెఎన్‌సిఏఎస్ఆర్ అనే పరిశోధన సంస్థలో విజయ్ కుమార్ శర్మ గారి ల్యాబు తెల్లవారుజామున బయటపడే ఈగల్ని ఒక వైపు, సాయంత్రం బయటపడేవాటిని ఒక వైపు తరాల తరబడి ఏరి వేరు చేసింది, వాటి గడియారాలే వేరైపోయాయి. ఎంఎస్సీకి పోదామనుకునే పిల్లలుంటే ఆ పని చదవమనండి.

పెన్నాతీరం:
రెండు పెట్టెలు, పదహారు కీచురాళ్ళతో మొదలుపెడుతున్నాం. డ్రోసోఫిలా ఇద్దరు పిల్లలకి విడిగా. నీళ్ళ సీసా దూది పది రోజులు తడిగా ఉంటుందా, ఒక్కటే అనుమానం.

ఇలకోడి:
సీసా 30 మి.లీ. అయితే ఉంటుంది. దూది మరీ బిగించొద్దు, కీచురాయి దాన్ని కొరికి లాగుతుంది, అప్పుడు నీళ్ళన్నీ ఒక్కసారి కారి డబ్బా తడిసిపోతుంది. దూది మీద పల్చటి నైలాన్ వల ముక్క రబ్బరుబ్యాండుతో కట్టండి. పెట్టెలో పెట్టేముందు రెండు రోజులు బల్ల మీద ఒరిగించి ఉంచి చూసుకోండి.